ఎంత దగ్గరైతే ఇరుకు?

ఎనిమిదో తరగతిలో సైకిల్ మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ పొయ్యి మీద మేక కాళ్ళు ఉడుకుతున్నాయి. గంటల తరబడి కాగిన పాయా, మిరియాల ఘాటు, పైన తేలుతున్న కొవ్వు. “ముక్కు మూసుకుని తాగవే, ఎముక అతుక్కుంటుంది” అంది. సగం తాగి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టించాను. తెల్లారి చూస్తే గిన్నెలో పులుసు లేదు. వంచితే కారని, వేలితో తాకితే వణికే ముద్ద ఒకటి ఉంది. “అదే బలం” అంది అమ్మమ్మ, మళ్ళీ పొయ్యి మీద పెట్టి దాన్ని నీళ్ళుగా మారుస్తూ.

పదేళ్ళ తర్వాత బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ క్లాసులో మా సార్ బోర్డు మీద ఒక చతురస్రం గీశారు. నాలుగు గడులు చేసి, ఎడమ వైపు పైనొకటీ కిందొకటీ, కుడి వైపు చిన్నదింకొకటీ దీవుల్లాంటి బొమ్మలు వేశారు. “రామచంద్రన్ ప్లాట్. పది మార్కులు. ప్రతి ఏడూ వస్తుంది.” ఆ రామచంద్రన్ ఎవరో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. దీవుల హద్దులు కంఠస్థం చేసి, పరీక్షలో గీసి, పది మార్కులు తెచ్చుకుని మర్చిపోయాను.

గిన్నెలో వణికిన ముద్దా, బోర్డు మీద దీవులూ ఒకే కథలోవని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజున మొదట వచ్చింది కోపమే. “మనవాడు కనిపెడితే కేంబ్రిడ్జివాళ్ళు పేరు కొట్టేశారు” అనే కోపం. ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది అంత తేలిగ్గా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

*

మొదలుపెట్టాల్సింది ఆ వణికే ముద్ద దగ్గరే. 1820లో ఫ్రాన్సులో ఆన్రీ బ్రాకొనో అనే రసాయన శాస్త్రవేత్త జెలటిన్‌ని, అంటే ఎముకలూ చర్మమూ ఉడికిస్తే వచ్చే ఈ ముద్దనే, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో మరిగించాడు. చివరికి తియ్యటి స్ఫటికాలు మిగిలాయి. జెలటిన్‌లోంచి కొత్త రకం చక్కెర వచ్చిందనుకున్నాడు. అది చక్కెర కాదు, అందులో నైట్రోజన్ ఉందని తర్వాత తేలింది. ఇవాళ దాన్ని గ్లైసిన్ అంటున్నాం. తీపి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు. అమినో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. ఈ కథలో ముఖ్యపాత్ర కూడా అదే.

మన ప్రోటీన్లు ఇరవై రకాల అమినో ఆమ్లాలతో తయారవుతాయి. ప్రతిదానికీ ఒక చివర అమైన్, ఇంకో చివర ఆమ్లం, మధ్యలో ఒక కార్బన్. ఆ కార్బన్‌కి వేలాడే పక్క గొలుసే ఒకదాన్నించి ఒకదాన్ని వేరుచేసేది. గ్లైసిన్‌కైతే అక్కడ ఉన్నది ఒట్టి హైడ్రోజన్ పరమాణువు. ఒక అమినో ఆమ్లం తోక రెండోదాని తలతో కలిసేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది, పెప్టైడ్ బంధం మిగులుతుంది. ప్రోటీన్లు ఇలా కూర్చిన గొలుసులని 1902లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎమిల్ ఫిషర్, ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ ఒకే సభలో, ఒకే రోజున, విడివిడిగా చెప్పారు.

గొలుసని తెలిసింది సరే. ఆ గొలుసు ఏ ఆకారంలో ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. దారిలో మహామహులు కూడా బోల్తాపడ్డారు. 1950లో కేంబ్రిడ్జిలో బ్రాగ్, కెండ్రూ, పెరూట్జ్ కలిసి గొలుసు ఎన్ని రకాలుగా చుట్టుకోవచ్చో లెక్కగట్టి పెద్ద పేపర్ రాశారు. అందులో అసలైన ఆకారం లేదు. పెప్టైడ్ బంధం పలకలా చదునుగా ఉంటుందని, అక్కడ మెలిక తిరగదని వాళ్ళు పట్టించుకోలేదు. చుట్టుకి పూర్ణసంఖ్యలోనే అమినో ఆమ్లాలు ఉండాలని కూడా అనుకున్నారు. మరుసటి ఏడు అమెరికాలో లైనస్ పౌలింగ్ బృందం ఈ రెండు పొరపాట్లూ లేకుండా, చుట్టుకి 3.6 అమినో ఆమ్లాలతో ఆల్ఫా హెలిక్స్‌ని చూపించింది. పౌలింగ్‌కి ఆ ఆలోచన 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో జలుబుతో మంచం పట్టినప్పుడు, కాగితం మీద గొలుసు గీసి మడతపెడుతుంటే తట్టింది.

అదే 1951లో పౌలింగ్ కొలాజెన్ నిర్మాణం కూడా ప్రకటించాడు. అది మాత్రం తప్పు.

కొలాజెన్ అంటే చర్మం, ఎముక, స్నాయువు, మృదులాస్థి, వీటన్నిటినీ పట్టి ఉంచే ప్రోటీన్. ఒంట్లో ఉన్న ప్రోటీన్లలో దీనిదే పెద్ద వాటా. ఉడికిస్తే జెలటిన్ అవుతుంది. దాని ఎక్స్-రే చిత్రం ఆల్ఫా హెలిక్స్‌కి గానీ, పౌలింగ్ చెప్పిన మరే ఆకారానికి గానీ సరిపోయేది కాదు. అప్పటికది ఎవరికీ కొరుకుడుపడని సమస్య.

*

ఇక్కడికి మద్రాసు వస్తుంది.

గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ 1922లో ఎర్నాకుళంలో పుట్టాడు. తండ్రి లెక్కల ప్రొఫెసర్. 1942లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరితే, సి.వి. రామన్ చూసి తన ఫిజిక్స్ విభాగానికి లాక్కున్నాడు. తర్వాత రెండేళ్ళు కేంబ్రిడ్జి. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం కొత్తగా ఫిజిక్స్ విభాగం పెడుతూ రామన్‌ని పిలిచింది. ఆయన తాను రాకుండా ఈ కుర్రాడి పేరు చెప్పాడు. అప్పటి వైస్ ఛాన్సలర్, కర్నూలులో పుట్టిన ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్, ఆ మాట మీద ముప్ఫై నిండని రామచంద్రన్‌ని ప్రొఫెసర్‌గా, విభాగాధిపతిగా పెట్టేశాడు.

ఏం పరిశోధన చెయ్యాలా అని వెతుక్కుంటున్న రోజుల్లో ఇంగ్లండు నుంచి జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చాడు. మాటల్లో, కొలాజెన్ గురించి ఇప్పటిదాకా వచ్చిన నమూనాలేవీ సరిగ్గా లేవన్నాడు. రామచంద్రన్ పట్టుకోవడానికి ఆ మాట చాలింది. కొలాజెన్ కోసం ఎక్కువ దూరం వెళ్ళాల్సిన పని కూడా లేదు. పక్కనే కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ ఉంది. తోలంటే కొలాజెనే కదా. తర్వాతి రోజుల్లో గుంటూరు జిల్లా యలవర్రు నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా డైరెక్టర్‌గా నడిపిన సంస్థ అదే. మంచి ఎక్స్-రే చిత్రం మాత్రం కంగారూ తోక స్నాయువు నుంచి వచ్చింది. మద్రాసు ఉక్కపోతలో కంగారూ తోక! ఈ వివరం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

రామచంద్రన్ దగ్గర పనిచేస్తున్న గోపీనాథ్ కర్తా, ఆయనా కలిసి లెక్క మొదలుపెట్టారు. చేతిలో ఉన్న ఆధారాలు రెండే. ఒకటి ఎక్స్-రే చిత్రం. రెండోది, కొలాజెన్‌ని విడగొడితే వచ్చే అమినో ఆమ్లాల్లో మూడో వంతు గ్లైసిన్ అన్న రసాయన విశ్లేషణ. గొలుసులో వాటి వరుసేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. శాంగర్ ఇన్సులిన్ వరుస పూర్తిగా తేల్చింది 1955లో. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమినో ఆమ్లాలే, కొలాజెన్ గొలుసు ఒక్కోటీ వెయ్యి పైచిలుకు.

మూడో వంతు గ్లైసిన్ అంటే, ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉండాలి. అలా ఎందుకుంటుంది? మూడు గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే, మూడూ కలిసే నడిమధ్యన చోటు దాదాపు ఉండదు. అక్కడ పక్క గొలుసు ఉన్న ఏ అమినో ఆమ్లమూ పట్టదు. ఒట్టి హైడ్రోజన్ ఉన్న గ్లైసిన్ ఒక్కటే పడుతుంది. కాబట్టి కొలాజెన్‌లో మూడు గొలుసులుండాలి, ప్రతి మూడోదీ లోపలికి తిరగాలి. 1954 ఆగస్టులో ‘నేచర్’లో వచ్చిన చిన్న పేపర్ సారాంశం ఇది. బ్రాకొనో జెలటిన్‌లోంచి ముందు గ్లైసిన్‌నే తియ్యగలగడం వెనక ఉన్న కారణం కూడా ఇదే అనుకుంటాను. అక్కడ అదే దండిగా ఉంది మరి.

ఆ నమూనాలో ఒక చిక్కుంది. గొలుసు ఒక చుట్టుకి సరిగ్గా మూడు అమినో ఆమ్లాలు తిరిగితేనే గ్లైసిన్లన్నీ ఒకే వైపుకి వస్తాయి. ఎక్స్-రే చిత్రమేమో చుట్టుకి మూడు కంటే కాస్త ఎక్కువ ఉన్నాయంటోంది. 1955 సెప్టెంబరులో ఇద్దరూ దానికి జవాబు చెప్పారు. గొలుసు తన చుట్టూ తాను తిరుగుతూనే, మూడూ కలిసి ఒక ఉమ్మడి అక్షం చుట్టూ కూడా తిరిగితే గ్లైసిన్ ముఖం ఎప్పుడూ లోపలికే ఉంటుంది. చంద్రుడు తన చుట్టూ తాను తిరుగుతూ, భూమి చుట్టూ తిరుగుతూ, ఎప్పుడూ మనకి ఒకే ముఖం చూపిస్తాడే, అలాగ. రామచంద్రన్‌కి ఈ ఉపాయం చంద్రుడి వల్లే తట్టిందని చెబుతారు.

దీన్ని చాలామంది మూడు పాయల జడతో పోలుస్తారు. పాయాలో ఉన్నది మూడు పాయల జడ అనడానికి నాకూ సరదాగానే ఉంటుంది. కానీ జడలో పాయలు ఒకదాని మీంచి ఒకటి దాటుతాయి. కొలాజెన్‌లో అలా దాటవు. సరైన పోలిక కొబ్బరి తాడు. పేటలకి ఒక వైపు పురి పెట్టి, మూడు పేటల్నీ కలిపేటప్పుడు ఎదురు పురి పెడతారు. అందుకే తాడు విడిపోదు. కొలాజెన్‌లోనూ ఒక్కో గొలుసుది ఎడమ పురి, మూడూ కలిసినప్పుడు కుడి పురి.

*

రెండు నెలలు తిరక్కుండానే, 1955 నవంబరులో, అదే ‘నేచర్’లో అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ కలిసి కొలాజెన్ మీద పేపర్ వేశారు. ఈ క్రిక్ రెండేళ్ళ కింద వాట్సన్‌తో డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన క్రిక్కే. వాళ్ళ నమూనాలోనూ గొలుసులు మూడే, పురి మీద పురే. మద్రాసు నమూనా మీద వాళ్ళ ఫిర్యాదు ఒకటుంది: అందులో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చేశాయి, అంత ఇరుకులో అవి ఇమడవు అని. రామచంద్రన్, కర్తా ప్రతి మూడు అమినో ఆమ్లాలకీ గొలుసుల మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు పెట్టారు. ఆ రెండో బంధం కోసం గొలుసుల్ని బాగా దగ్గరికి లాగాల్సి వచ్చింది. రిచ్, క్రిక్ ఒక బంధంతో సరిపెట్టారు.

నా కోపం మొదలైంది ఈ చోటే. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది రిచ్, క్రిక్ నమూనా. మూడు గొలుసుల ఆలోచన ముందుగా అచ్చేసినవాళ్ళ పేర్లు ఫుట్‌నోట్లో ఉంటే ఉన్నట్టు. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన మాటకీ మద్రాసు నుంచి వచ్చిన మాటకీ అప్పుడున్న బరువు ఒకటి కాదు. ఇప్పటికీ కాదు. ఈ మాట వెనక్కి తీసుకోవడం లేదు.

కానీ బంధాల లెక్కలో కేంబ్రిడ్జివాళ్ళదే పైచేయి అయింది. 1994లో బెల్లా, ఈటన్, బ్రాడ్స్‌కీ, బెర్మన్ కొలాజెన్‌లాంటి ఒక పెప్టైడ్‌ని స్ఫటికంగా చేసి పరమాణువు పరమాణువునీ చూశారు. గొలుసుల మధ్య నేరుగా ఉన్న హైడ్రోజన్ బంధం మూడింటికి ఒకటే. దాని చుట్టూ నీటి అణువులు మధ్యవర్తుల్లా గొలుసుల్ని కలుపుతూ ఉన్నాయి. నీళ్ళ ద్వారా బంధం ఉండొచ్చని రామచంద్రన్ బృందం 1968లోనే అంది. మరి ఎవరు గెలిచారు? తాడు మద్రాసుది, ముడి కేంబ్రిడ్జిది అనాలేమో. ఒకవైపు మాత్రమే చెబితే ఎటువైపు చెప్పినా అబద్ధమే అవుతుంది.

*

నన్ను నిజంగా కట్టిపడేసింది దాని తర్వాత జరిగినదే.

“మీ పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయి” అని ఎవరైనా అంటే రెండు పనులు చెయ్యొచ్చు. లేవని వాదించొచ్చు, లేదా ఊరుకోవచ్చు. రామచంద్రన్ అడిగిన ప్రశ్న వేరు: దగ్గర అంటే ఎంత? ఎంత దగ్గరైతే ఇరుకు? ఈ హద్దు ఎవరు గీశారు, దేన్ని చూసి గీశారు?

చూస్తే, ఆ హద్దు ఎవరూ సరిగ్గా గీయలేదు. అందుకని సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి, అప్పటిదాకా నిర్మాణం తెలిసిన అమినో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్‌ల స్ఫటికాలన్నిటినీ ముందేసుకుని, ఏ పరమాణువు ఏ పరమాణువుకి ఎంత దగ్గరగా వచ్చిందో పట్టిక వేశారు. బంధం లేని రెండు కార్బన్ల మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండాలి, బాగా నెడితే 3.0. రెండు హైడ్రోజన్ల మధ్య 2.0, నెడితే 1.9. ఇలా ప్రతి జంటకీ రెండేసి హద్దులు.

తర్వాత గొలుసు దగ్గరికొచ్చారు. పెప్టైడ్ బంధం చదునైన పలక అని పౌలింగ్ చెప్పాడు కదా. పేక ముక్కల్ని మూలల దగ్గర దారంతో కుట్టిన దండని ఊహించుకోండి. ముక్క వంగదు, ముడి దగ్గర మాత్రం తిరుగుతుంది. ప్రతి ముడి దగ్గరా రెండు మలుపులు: ముడికి ఇవతలి ముక్క ఎంత తిరిగింది, అవతలి ముక్క ఎంత తిరిగింది. ఈ రెండు కోణాల పేర్లే ఫై, సై. గొలుసులో ప్రతి అమినో ఆమ్లం దగ్గరా ఈ రెండు కోణాలూ తెలిస్తే గొలుసు వెన్ను ఆకారం మొత్తం తెలిసినట్టే. వేల పరమాణువుల గందరగోళం కాస్తా అమినో ఆమ్లానికి రెండు అంకెలుగా మారింది.

ఒక కోణం అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి, ప్రతి జతకీ పరమాణువులు ఢీకొంటాయా లేదా అని లెక్క చూశారు. కంప్యూటర్ లేదు. బల్ల మీద పెట్టుకునే కాలిక్యులేటర్లతో చేశారు. చివరికి ఆ చతురస్రంలో మూడొంతులకి పైగా ఖాళీ అయిపోయింది. అక్కడ అడుగుపెడితే ఏదో ఒకటి ఇంకోదానికి తగులుతుంది. మిగిలినవి ఆ దీవులు. ఒక దీవిలో ఆల్ఫా హెలిక్స్ ఉంది. ఇంకో దీవిలో బీటా షీట్, కొలాజెన్ ఉన్నాయి. గ్లైసిన్‌కైతే పక్క గొలుసు అడ్డం లేదు గనక చతురస్రంలో ఎక్కువ మేర తిరగనిచ్చారు. ప్రోలీన్‌ది ఉంగరంలా మూసుకుపోయిన పక్క గొలుసు గనక దాని చోటు సన్నటి పట్టీ అయింది. ప్రోటీన్ ఆకారాన్ని ఏదో మాయాశక్తి నిర్ణయించడం లేదు. తగలకుండా ఉండటమనే మామూలు నియమమే ముప్పాతిక దారుల్ని మూసేస్తోంది.

ఇది 1963లో ‘జర్నల్ ఆఫ్ మాలిక్యులార్ బయాలజీ’లో అయిదు పేజీల్లో వచ్చింది. అప్పటికి పరమాణు స్థాయిలో నిర్మాణం బయటపడ్డ ప్రోటీన్ దాదాపు ఒక్కటే, కెండ్రూ చూపిన మయోగ్లోబిన్. 1965లో లైసోజైమ్ వచ్చింది. అప్పట్నుంచీ ఏ ప్రోటీన్ నిర్మాణం కొత్తగా తేలినా, దాని కోణాల్ని ముందు ఈ చతురస్రం మీద చుక్కలుగా పెట్టి చూస్తారు. చుక్కలు దీవుల్లో పడకపోతే, తప్పు చాలావరకు నిర్మాణం గీసినవాళ్ళదే. ఒకప్పుడు ఇరుకుగా ఉందని తప్పుబట్టించుకున్న మనిషి గీసిన గీతతో ఇవాళ ప్రపంచమంతా తన ఇరుకుని కొలుచుకుంటోంది.

*

రామచంద్రన్‌కి నోబెల్ రాలేదు. 1977లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, 1999లో స్ఫటిక శాస్త్రంలో ఇచ్చే ఎవాల్డ్ బహుమతి వచ్చింది. చివరి ఏళ్ళు పార్కిన్సన్స్ జబ్బుతో గడిచాయి. 1998లో భార్య రాజలక్ష్మి పోయారు. 2001 ఏప్రిల్‌లో చెన్నైలో ఆయన కన్నుమూశారు. గోపీనాథ్ కర్తా అమెరికాలో బఫెలో వెళ్ళి, 1967లో బెల్లో, హార్కర్‌లతో కలిసి రైబోన్యూక్లియేజ్ నిర్మాణం తేల్చాడు. గొలుసు వరుసలోనే ఆకారం దాగి ఉంటుందని యాన్ఫిన్‌సెన్ రుజువు చేసింది ఆ ప్రోటీన్‌తోనే. ‘రామచంద్రన్ ప్లాట్’ అన్నప్పుడు రామకృష్ణన్, శశిశేఖరన్ పేర్లు రావు. ‘మద్రాసు హెలిక్స్’ అన్నప్పుడు కర్తా పేరు రాదు. పేరు పోవడం కేంబ్రిడ్జికీ మద్రాసుకీ మధ్యే జరగదు, మద్రాసు లోపల కూడా జరుగుతుంది. నా కోపంలో ఈ ముక్క మొదట లేదు.

ఈ కథలో చిన్నదెవరో చివరగా చెప్పాలి. వెయ్యి అమినో ఆమ్లాల కొలాజెన్ గొలుసులో, నడిమధ్య ఉండాల్సిన ఒక్క గ్లైసిన్ బదులు ఇంకోటి వచ్చి కూర్చుంటే, తాడు అక్కడ ఉబ్బుతుంది, పురి సరిగ్గా పడదు. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండి, చిన్న దెబ్బకే విరిగిపోయే ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా జబ్బుకి చాలామందిలో కారణం ఇలాంటి ఒక్క మార్పే. 1954లో కాగితం మీద వేసిన “అక్కడ వేరేది పట్టదు” అన్న లెక్కని, కొంతమంది పిల్లలు ఒంటితో మోస్తున్నారు.

ఇప్పుడు నా ఫోన్‌లో రోజూ కొలాజెన్ పౌడర్ ప్రకటనలొస్తాయి, చర్మం మెరుస్తుందని, మోకాళ్ళు కుదుటపడతాయని. తిన్న కొలాజెన్ కొలాజెన్‌గా వెళ్ళి ఎముకలో కూర్చోదు. కడుపులో అమినో ఆమ్లాలుగా, చిన్నచిన్న పెప్టైడ్ ముక్కలుగా విడిపోతుంది. మళ్ళీ తాడు పేనుకోవాల్సింది ఒళ్ళే. దానికి విటమిన్ సి కూడా కావాలి, అది లేకపోతే ప్రోలీన్ హైడ్రాక్సీప్రోలీన్‌గా మారదు, తాడు ఒంటి వేడికి నిలబడదు. సముద్రాల మీద ఓడల్లో స్కర్వీతో పళ్ళు ఊడిపోయినవాళ్ళ కథ అదే. అమ్మమ్మ పాయాలో నిమ్మకాయ పిండేది. రుచి కోసమే పిండి ఉంటుంది. పైగా నా ఎముక పాయా లేకపోయినా అతుక్కునేదే.

చెన్నై అడయారులో తోళ్ళ పరిశోధనా సంస్థ ఆడిటోరియానికి ‘ట్రిపుల్ హెలిక్స్’ అని పేరు పెట్టారు. ఎప్పుడైనా నేను పాఠం చెప్పాల్సి వస్తే, బోర్డు మీద చతురస్రం గీసే ముందు దీవుల హద్దులు చెప్పను. ఒక పేపర్ గురించి చెబుతాను, దాని మీద వచ్చిన విమర్శ గురించి చెబుతాను, ఆ విమర్శలో సగం నిజమని కూడా చెబుతాను. ఆ తర్వాత అడుగుతాను, ఎంత దగ్గరైతే ఇరుకు అని. పది మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.